వెల్వెట్ పెట్టెలో ఎద్దుల జత

డాక్టర్ రామలింగయ్య పొద్దున్నే తల దువ్వుకున్నాడు. దువ్వెనతో పాటు జుట్టు కూడా కుచ్చులు కుచ్చులుగా చేతికి వచ్చింది. రెండోసారి దువ్వబోతే దువ్వడానికి ఏమీ మిగల్లేదు. అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండుతున్నాయి.

ఆయన కేక పెట్టలేదు. అద్దంలోని గుండును చూసి, "థాలియం" అన్నాడు. అని, కుర్చీలో కూలబడ్డాడు.

గని దిబ్బల్లో థాలియం ఎంత ఉంది, అది వాగులోకి దిగితే నత్తలు, గొర్రెలు, జొన్న చేలు, మనుషులు ఏమవుతారు అని తేల్చడం ఆయన ఉద్యోగం. ఆయన తేల్చింది నచ్చనివాళ్ళు ఆయనకే ఒక మోతాదు తాగించారు. ఇంతకంటే పిరికి హత్యాయత్నం ఉంటుందా? తుపాకీ పట్టే దమ్ము లేదు. ఎదురుగా నిలబడి తిట్టే నోరు లేదు. బాదం పాలలో రుచి, వాసన లేని తెల్ల పొడి కలిపి, గ్లాసు చేతికిచ్చి, "ఆరోగ్యం జాగ్రత్త సార్" అనడం. అదీ వాళ్ళ మొనగాడితనం.

రాయచూరు బజారులో ఒక బట్టల కొట్టు. కొట్టు వెనక గదిలో చీరల మూటల మధ్య గూఢచారి శాఖ చీఫ్ కూర్చున్నాడు. ఢిల్లీ నుంచి మారువేషంలో వచ్చాడాయన. మార్వాడీ తలపాగా, చేతిలో గొడుగు, కాళ్ళకు మాత్రం ప్రభుత్వం ఇచ్చిన బూట్లు. "గవర్నమెంట్ సాహెబ్ ఒచ్చిండు" అని బజారంతా అప్పటికే చెప్పుకుంటోంది. ఆ సంగతి తెలియనివాడు ఆయనొక్కడే.

ఎదురుగా ఏజెంట్ కన్యక. నలభై దాటిన మనిషి. ఆ కొట్టు ఆమె తండ్రి పెట్టింది. చీర మడత విప్పడంలో ఆమె చేయి ఎంత వేగమో రివాల్వర్ తీయడంలోనూ అంతే. ఈ రెండో సంగతి బజారుకు ఇప్పటికీ తెలియదు. మారువేషం అంటే అదీ.

"థాలియం అంటే తెలుసా?" అన్నాడు చీఫ్.

"తెల్వదు సార్."

"ఎవరికీ తెలియదు. వాళ్ళ ధైర్యం అదే." చీఫ్ గొంతు తగ్గించాడు. "కల్లూరుకు ఎగువన ఎప్పుడో మూతపడిన పాత బంగారు గని ఉంది. రాయి పిండి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన పిండిని దిబ్బ పోసి పోయారు. ఆ దిబ్బలో టెల్లూరియం అనే లోహం ఉంది. విదేశాల్లో దానికి గిరాకీ. దానికోసం వాల్డెక్ అనే ఒకడు దిగాడు. పైకి కంపెనీ, లోపల గూఢచారి ముఠా. దిబ్బను ఆసిడ్‌తో కడిగి టెల్లూరియం పట్టుకుపోతాడు. కడిగిన నీళ్ళు వాగులోకి వదులుతాడు."

"ఆ నీళ్ళల్ల థాలియం ఉంటది."

"కరెక్ట్."

"సార్, ఆ వాగుల చెలిమలు తోడుకొని కల్లూరోళ్ళు తాగుతరు."

"అందుకే నిన్ను పిలిచాను. సీసానికి, పాదరసానికి ఒక లిమిట్ ఉంది. ఈ థాలియం జోలికి ఎవరూ పోలేదు కాబట్టి, మట్టిలో ఇంత ఉంటే అపాయం అని ఇక్కడ ఎవరూ గీత గీయలేదు. పోల్చి చూడటం ఒక్కటే దారి. ఎవరో బాదం పాలలో విషం కలిపి పడగొట్టారే, ఆ డాక్టర్ రామలింగయ్య రెండు చోట్ల మట్టి తీశాడు. ఒకటి దిబ్బ కింద, వాగు ఒడ్డున. రెండోది దిబ్బ నీరు ఎన్నడూ ఎక్కని మెరక చేనులో. ఆ రెండోదే కంట్రోల్ శాంపిల్. వాగు ఒడ్డు మట్టిలో, నత్తల్లో, జొన్న ఆకులో థాలియం బాగా కనిపించింది. మెరక మట్టిలో లేనట్టే. తప్పు దిబ్బదే అని తేలింది. వాల్డెక్ అప్పీల్ చేశాడు. అవే మట్టి డబ్బాలు రెండు పక్షాల ముందు మళ్ళీ తెరిచి, తూచి, సీల్ వేసి బయటి లాబ్‌కు పంపాలని ఆర్డర్. రాబోయే అమావాస్య నాడు, మధ్యాహ్నం, చిక్కసూగూరు శాంపిల్ షెడ్‌లో."

"వాగు మట్టిని మారుస్తరంటరా?"

"అక్కర్లేదు. మంచి మట్టిని చెడగొడితే చాలు. చిటికెడు థాలియం మెరక మట్టిలో పడిందనుకో, రెండు డబ్బాలూ ఒకటే అవుతాయి. ఈ నేల పుట్టుకే ఇంత, వాల్డెక్ వల్ల కొత్తగా వచ్చే అపాయం లేదు అని రిపోర్టు వస్తుంది. వచ్చిన రోజే వాడు దిబ్బకు ఆసిడ్ పెడతాడు."

చెడ్డదాన్ని దాచడం దొంగల తెలివి. మంచిదాన్ని చెడగొట్టి, అంతా ఒకటే అనడం పెద్దమనుషుల తెలివి. కన్యకకు దొంగలంటేనే కొంచెం గౌరవం కలిగింది.

"షెడ్ లోపల మన మనిషి ఉంది," అన్నాడు చీఫ్. "ఏజెంట్ అర్పిత. పోతనాళ రైతుల అమ్మాయి. రామలింగయ్య దగ్గర అసిస్టెంట్‌గా పెట్టాం. నువ్వు 'మాన్వి దిక్కు వాన ఎట్లుంది' అంటే, ఆమె 'గొడుగు బస్సులో మరిచిపోయాను' అంటుంది. ఇదిగో, ఈ గాజు తొడుక్కో. ట్రాన్స్‌మిటర్. నొక్కితే పోలీసు జీపు వస్తుంది."

కన్యక అక్కడే నొక్కి చూసింది. గాజులోంచి సినిమా పాట వచ్చింది. మళ్ళీ నొక్కింది. రెండో చరణం వచ్చింది.

"వాన కాలంలో కొంచెం అలా ఉంటుంది," అన్నాడు చీఫ్.

ఆ అమావాస్య ఉత్త అమావాస్య కాదు. మట్టెద్దుల అమావాస్య. జ్యేష్ఠం చివర, వానలు పడి విత్తనాలు వేసే వేళ, రాయచూరు పల్లెల్లో ఇంటింటా మట్టితో ఎద్దుల జత చేసి, లేదా కుమ్మరి దగ్గర కొని, పూజ చేస్తారు. తర్వాత నీళ్ళలో కలుపుతారు. చేలో మట్టి చేలోకి పోవాలి. మట్టితో పనిచేసే షెడ్ సిబ్బంది ఆ రోజు ఎద్దుల పూజ కాకుండా ఒక్క చిటికెడు మట్టి కూడా తూచరు. దానికి ఆర్డర్ కాపీ అవసరం లేదు.

కన్యక తన వేషం అప్పుడే నిర్ణయించుకుంది. నేరుగా కల్లూరు పోయి కుమ్మరి యంకవ్వ ముందు కూర్చుంది. యంకవ్వ తడి ఎద్దులను నీడలో వరసగా ఆరబెడుతోంది. ఆమె కోడలు తలకు గుడ్డ చుట్టుకుని మూలన పడుకుని ఉంది. గుడ్డ కింద జుట్టు లేదు. దిబ్బ మీద పడ్డ వాన నీరే వాగులోకి దిగి ఇంత చేసింది. ఇక ఆసిడ్ కూడా తోడైతే?

"గొర్లకు ఉన్ని ఊడి, ఈకలు పీకిన కోళ్ళ లెక్క తిరుగుతున్నయి," అంది యంకవ్వ. "ఇప్పుడు దీనికి. సూటు దొర వచ్చి, నీళ్ళు మంచిగున్నయి, మీ కాన్పుల తిండి మంచిగ లేదని చెప్పిపాయె. చెప్పేటప్పుడు సీసల నీళ్ళు తాగుతుండె. వాని ఊరి నీళ్ళంట!"

"అవ్వా, నీ గంప ఒక్కపూట ఇయ్యి. నేను అమ్ముకొస్త."

యంకవ్వ ఆమెను కింది నుంచి మీది దాకా చూసింది. "నువ్వా? గంప ఎత్తుకో చూద్దాం." కన్యక ఎత్తుకుంది. "థూ! పెండ్లి పల్లెం పట్టినట్టు పట్టినవ్. నడుము మీద పెట్టు. ఆఁ, గట్ల. మాట్లాడేటప్పుడు నవ్వకు. ఎండల అమ్మెటోళ్ళు ఎవరన్న నవ్వుతరా?"

డిపార్ట్‌మెంటులో వేషాల ట్రైనింగ్ ఆరు నెలలు. యంకవ్వది ఒక్క బీడీ కాలేంత సేపు.

అమావాస్య పొద్దున చిక్కసూగూరు షెడ్ గేటు ముందు కన్యక గంప దించింది. దూరాన పవర్ ప్లాంటు పొగగొట్టాలు మబ్బుల్లో మబ్బులు కలుపుతున్నాయి. ముందు రోజు వానకు నల్లరేగడి ఉబ్బి మెరుస్తోంది. గేటు దగ్గర హవల్దార్ ఈరన్న. రామలింగయ్యకు విషం పెట్టిన తర్వాత లోపలికి పోయే ప్రతి మనిషినీ, ప్రతి వస్తువునూ తడిమి పంపమని ఆయనకు ఆర్డర్. ఆయన అన్నం డబ్బాల్లో పప్పు కూడా స్పూనుతో కలిపి చూస్తున్నాడు.

"ఏయ్ అక్కా, గేటుకు అడ్డం కూసోవద్దు."

"ఎద్దులు కావొద్దా సామీ? మరి పూజ ఎట్ల చేస్తరు, లాఠీకి చేస్తరా?"

ఈరన్న మీసం కింద నవ్వాడు. షెడ్ సిబ్బంది వచ్చి తలా ఒక జత కొన్నారు. ఈరన్న వాటిని తడమలేదు. దండం పెట్టి లోపలికి పంపాడు. "బసవన్నను తనిఖీ చేస్తే కండ్లు పోతయి," అని తనకు తానే చెప్పుకున్నాడు. ఆర్డర్‌లో ఇంత పెద్ద కన్నం ఉందని చీఫ్‌కు తెలియదు. కానీ ఇంకెవరికో తెలుసు.

తెల్ల కారు ఆగింది. ముందు వాల్డెక్ దిగాడు. తెల్ల సూటు, చేతిలో తన దేశపు నీళ్ళ సీసా. మనుషులను చూడకుండా బురదను చూస్తూ నడిచాడు. వెనక అర్పిత దిగింది. లేత నీలం సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు, ఒక ఊరు ముందే తెలిసేంత సెంటు. శాంపిల్ షెడ్‌కు ఇలా వచ్చే మనిషిని డిపార్ట్‌మెంటు "రహస్య ఏజెంట్" అని నమ్మింది మరి.

"అమ్మా, మాన్వి దిక్కు వాన ఎట్లుందమ్మా?" అంది కన్యక.

అర్పిత కళ్ళద్దాలు పైకి ఎత్తింది. "ఏం వానో ఏమో, గొడుగు బస్సులో మరిచిపోయాను." పెదవి కదలకుండా, "అంతా క్లియర్. నువ్విక వెళ్ళొచ్చు," అంది.

కోడ్ సరిగ్గానే ఉంది.

"మరి ఎద్దులు కొనరా?"

"నేను తెచ్చుకున్నాను." అర్పిత ఎర్ర వెల్వెట్ పెట్టె తెరిచింది. లోపల ఒక ఎద్దుల జత. అబ్బ, ఎంత నున్నగా, ఎంత తీరుగా ఉన్నాయి! కొమ్ములు సూదుల్లా ఉన్నాయి. "మా అమ్మ చేసింది. ఏటా మా పోతనాళలో మేమే చేసుకుని, పూజయ్యాక కాలువలో కలుపుతాం."

ఈరన్న సెల్యూట్ కొట్టే హడావుడిలో ఉన్నాడు. కన్యక "ఎంత ముద్దుగున్నయమ్మా" అంటూ గోటితో ఒక ఎద్దు వీపు మీద తట్టింది.

టంగ్!

కొత్త కుండ చప్పుడు. పచ్చిమట్టి ఎద్దును తడితే దబ్బుమంటుంది, అంతే. అర్పిత పెట్టె మూసి లోపలికి వెళ్ళిపోయింది.

కన్యక గంప ముందు కదలకుండా కూర్చుంది. కాల్చిన ఎద్దు తెచ్చినంత మాత్రాన మనిషి ద్రోహి కాదు. పట్నంలో ఎవరో షోకేసు బొమ్మ అంటగట్టారనుకోవచ్చు. కానీ అమ్మ చేసిందట, ఏటా కాలువలో కలుపుతారట! కాల్చినది నీళ్ళలో ఎలా కలుస్తుంది? నీళ్ళకు ఇచ్చేదాన్ని పుట్టి బుద్ధెరిగిన వాళ్ళెవరూ నిప్పుకు ఇవ్వరు. కోడ్ మాటలు సరిగ్గానే ఉన్నాయి. మట్టే తప్పు. పోతనాళ పిల్ల అన్నది అబద్ధం, ఈమె వాల్డెక్ మనిషి.

జరిగింది కూడా అదే. ముఠా వాళ్ళ గ్యాడ్జెట్ వర్క్‌షాప్ సముద్రాల అవతల ఉంది. మ్యూజియం పుస్తకంలో ఫోటో చూసి అక్కడ ఎద్దును తయారు చేశారు. కడుపు బోలుగా చేసి థాలియం పొడి నింపారు, నోట్లో మైనం బిరడా పెట్టారు. ప్రయాణంలో పగలకూడదని కొలిమిలో చక్కగా కాల్చారు. ఫోటోలో ఎద్దు కనిపిస్తుంది. తడి కనిపించదు. ఇంత డబ్బు, ఇన్ని మెషిన్లు, ఇంతమంది సూటు మనుషులు, ఆఖరికి ఒక బొమ్మను ఎండబెట్టాలా కాల్చాలా అని ఇక్కడి ఒక్క మనిషినీ అడగలేదు. అడిగితే చిన్నతనం కాబోలు.

కన్యక గాజు నొక్కింది. డ్యూయెట్ వచ్చింది. గాజు తీసి గంపలో పారేసింది.

ఇప్పుడేం చేయాలి? లోపలికి దూకి పగలగొడితే పండగపూట బసవన్నను పగలగొట్టిన మనిషి అవుతుంది. సిబ్బంది ఆమెనే పట్టుకుంటారు. ఆ గోలలో పొడి మట్టిలో పడిపోతుంది. లోపల గంట మోగింది. పూజ మొదలైంది. కన్యక ఇత్తడి చెంబులో నీళ్ళు, పొట్లంలో కుంకుమ తీసుకుని లేచింది.

"ఏడికి?" అన్నాడు ఈరన్న.

"అమ్మిన చెయ్యితోనే ఫస్ట్ బొట్టు పెట్టాల సామీ. లేకుంటె ఎద్దులు నడుస్తయా?"

అలాంటి ఆచారం ఎక్కడా లేదు. కానీ పండగపూట కాదనడం ఈరన్న వల్ల కాలేదు. చెంబులో చేయి పెట్టి చూసి, పొట్లం విప్పి చూసి, తానూ వెంట వచ్చాడు.

షెడ్ మధ్యలో పొడవాటి బల్ల. ఒక వైపు తక్కెడ, దాని పక్కన మూత తీసిన డబ్బాలు. మెరక చేను మట్టి డబ్బా అన్నిటికంటే ముందు ఉంది. ఇంకో వైపు పీట మీద ఎద్దుల జతలు. మసకగా, వంకరగా, ఒకదానికి కొమ్ము పొట్టి, ఒకదానికి మూపురం పక్కకు. వాటి మధ్య ఆ రెండూ, పట్నం చుట్టాల్లా. వాల్డెక్ గడియారం చూసుకుంటున్నాడు. బయట, డబ్బాలను లాబ్‌కు తీసుకుపోయే సీల్ వ్యాన్ ఇంజన్ ఆన్ చేశారు.

అర్పిత తన ఎద్దుల్లో ఒకదాన్ని చేతుల్లోకి తీసుకుంది. "ముందు మట్టి తల్లికి విభూతి వేద్దాం," అంటూ కంట్రోల్ డబ్బా వైపు నడిచింది. బొటనవేలితో ఎద్దు నోట్లోని మైనం నొక్కింది. తెల్ల పొడి. మట్టి మీద పడితే విభూతి అనుకుని అందరూ దండం పెడతారు. ఆ తర్వాత సీల్. ఆ తర్వాత కల్లూరు.

"అమ్మా, అమ్మా! బొట్టు పెట్టని ఎద్దుతోనా?" కన్యక అడ్డం వచ్చింది.

"ఎవరు లోపలికి రానిచ్చారు దీన్ని?"

"ఒక్క నిమిషం తల్లీ." కన్యక బొటనవేలు చెంబులో ముంచి, పీట మీది మొదటి ఎద్దు నొసట రుద్దింది. వేలికి నల్ల మట్టి అంటింది. రెండో ఎద్దు. మళ్ళీ మట్టి. మూడోది, నాలుగోది. వేలంతా బురద. వేలు కడుక్కుని అర్పిత చేతిలోని ఎద్దు నొసట రుద్దింది. గట్టిగా రుద్దింది. వేలు పైకెత్తి అందరికీ చూపించింది.

వేలు కడిగినట్టే ఉంది.

సిబ్బంది అంతా ఆ వేలినే చూశారు. మట్టి మనుషులు వాళ్ళు. వాళ్ళకు లాబ్ రిపోర్టు అక్కర్లేదు.

"ఏందమ్మా గిది?" అన్నాడు ఈరన్న నెమ్మదిగా. "కాల్చినవా? బసవన్నను కాల్చినవా?"

"అది... స్పెషల్ క్లే... ఈరన్నగారూ, దేవుణ్ణి తనిఖీ చేస్తారా మీరు?"

ఈరన్న టోపీ సర్దుకున్నాడు. అంత పెద్ద ఆలోచన ఆయన జీవితంలో ఎన్నడూ చేయలేదు. చేశాడు.

"దేవుడైతె చెయ్యను. బరాబర్. గాని నీళ్ళల్ల కరిగేది బసవన్న. కాల్చింది కుండ." చేయి చాపాడు. "కుండను చూడనీకె నాకు ఆర్డర్ ఉంది. ఇయ్యి ఇట్ల."

అర్పిత చేయి వెనక్కి పోయింది. రెండో చేయి పర్సులోకి పోయి లిప్‌స్టిక్‌తో బయటికి వచ్చింది. లిప్‌స్టిక్ మొనలో సూది తళుక్కుమంది. కన్యకకు అందుబాటులో ఉన్నది పీట మీది ఎద్దు. చేయి అక్కడిదాకా వెళ్ళి ఆగింది. బసవన్నను విసరడానికి మనసొప్పలేదు. చెంబు విసిరింది. ఇత్తడి చెంబు మణికట్టుకు తగిలింది. లిప్‌స్టిక్ వెళ్ళి గోడకు గుచ్చుకుంది. ఎద్దు అర్పిత చేతిలోంచి జారింది. డబ్బా అంచుకు జానెడు ఇవతల, ఈరన్న చటుక్కున తీసి పట్టిన టోపీలో పడింది.

"కుండే," అన్నాడు ఈరన్న, లోపలికి తొంగి చూసి. "విభూతి మస్తుగుంది."

"ముట్టుకోకు సామీ. అదే ఆ డాక్టర్ సారు బాదం పాలల్ల పడింది. ఆయనకు గ్లాసు అందించే అసిస్టెంట్ గీమెనే గదా," అంది కన్యక. "ఆరోగ్యం జాగ్రత్త, అర్పితా."

అర్పిత అప్పుడు మొదటిసారి కన్యకను మనిషిగా చూసింది. "కోడ్ చెప్పి పోయే గంపమనిషివే అనుకున్నాను," అంది.

"నీ చూపు గంపకాడనే ఆగింది. అదే మా డిపార్ట్‌మెంటుకు కలిసొచ్చింది."

ఇంతలో వాల్డెక్ కారెక్కాడు. గేటుకు అడ్డంగా సీల్ వ్యాన్ ఉంది. పెద్ద తెలివితో కారును పక్క చేలోకి దించాడు. ముందు రోజు వానకు నానిన నల్లరేగడి. చక్రాలు కాసేపు తిరిగాయి, తర్వాత ఆ మట్టిలోనే కూరుకున్నాయి. ఆయన దిగి పరుగెత్తాడు. ఒక బూటు అక్కడే ఉండిపోయింది. ఇంకో నాలుగడుగులకు రెండోదీ ఉండిపోయింది. ఈరన్న తొందరపడలేదు. గట్టు మీదుగా నడుచుకుంటూ వెళ్ళి, మోకాళ్ళ దాకా దిగబడిన దొరకు చేయి అందించాడు. అదే చేతికి బేడీ వేశాడు.

"మై వాటర్," అన్నాడు వాల్డెక్ రొప్పుతూ.

"మీ సీసను కేసుల జప్తు చేస్తిమి దొరా. వాగు నీళ్ళు తెమ్మంటరా? మంచిగున్నయని మీరే అంటిరి గదా!"

ఈరన్న ఫోన్ చేసి పిలిపించిన పోలీసు జీపులో, సిబ్బంది పట్టుకొచ్చిన అర్పిత పక్కన, వాల్డెక్ దప్పికతోనే ఎక్కాడు.

డబ్బాలకు సీల్ పడింది. మెరక మట్టి మెరక మట్టిగానే లాబ్‌కు పోయింది. తేడా తేడాగానే తేలింది. వాల్డెక్ పర్మిట్ రద్దయింది, దిబ్బ చుట్టూ కట్ట పోసి వాన నీరు వాగులోకి దిగకుండా ఆపారు. కల్లూరుకు వేరే నీళ్ళు వచ్చాయి. యంకవ్వ కోడలికీ, రామలింగయ్యకూ ఒకే ఆసుపత్రిలో, థాలియానికి విరుగుడైన ఒకే నీలం మందు ఇచ్చారు. ఆమెకు జుట్టు ఒత్తుగా వచ్చింది. ఆయనకు మునుపు ఎంత ఉండేదో అంతే వచ్చింది. మందుకు కూడా ఒక హద్దు ఉంటుంది. అమావాస్య నాటి సాయంత్రమే సిబ్బంది ఎద్దుల జతలను తొట్టిలో కలిపారు. నీళ్ళు నల్లబడి, ఎద్దులు మాయమయ్యాయి.

చీఫ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి సాధువు వేషం. బూట్లు అవే.

"బ్రిలియంట్," అన్నాడు, సాక్ష్యంగా ఉంచిన ఎద్దును తిప్పి తిప్పి చూస్తూ. "ఎంత గొప్ప గ్యాడ్జెట్! ఎవరూ సోదా చేయరు. మన వాళ్ళతో ఇలాంటివి చేయిస్తాను."

"చేపియ్యండి సార్. గాని కాల్చొద్దని చెప్పండి."

"నోట్ చేసుకున్నాను."

మరుసటి ఏడు మట్టెద్దుల అమావాస్యకు ముందు ఢిల్లీ నుంచి కొట్టుకు పార్సిల్ వచ్చింది. లోపల వెల్వెట్ పెట్టె, పెట్టెలో ఎద్దుల జత, పైన చీఫ్ చేతిరాతతో చీటీ: "అచ్చం అసలైనవే. కనిపెట్టినవాడు మొనగాడు."

కన్యక గోటితో తట్టింది.

టంగ్!